తడిసి మోపెడు

కరెంటు బిల్లు వెనక తెల్లగా ఉన్న జాగాలో
బాద్రీ రెండు నిలువు గీతలు గీశాడు.
ఒక గడి మీద కుతాయిసీ, ఒక గడి మీద బతూమీ.
మూడోది ఎందుకో ఖాళీగా వదిలాడు.

ఇక్కడ అద్దె ఆరువందల లరీలు.
అక్కడ పదహారు వందలు,
అదీ సెప్టెంబరు నుంచి మే దాకానే.
జూన్ వస్తే ఇల్లు ఖాళీ చేయాలట,
ఎండాకాలం టూరిస్టులది.
"ఆ మూడు నెలలూ మనం?"
"కుతాయిసీకి టూరిస్టులుగా వద్దాం" అని నవ్వాడు.
నవ్వాక పెన్ను కాసేపు కదల్లేదు.

ఈ ఊళ్లో పియానోలు ముసలివైపోయాయి.
నాలుగో అంతస్తు నుంచి దించుకుపోయేవాళ్లకి
ఊరికే ఇస్తామని గేట్లకి కాగితాలు అంటిస్తున్నారు.
శ్రుతి చేయమని నెలకి నాలుగిళ్లు పిలుస్తాయి నన్ను,
అందులో రెండిళ్లు డబ్బుకి బదులు అక్రోట్లు కొలుస్తాయి.
పోయిన చలికాలమంతా
మేం అక్రోట్లే తిన్నాం, అక్రోట్లే పంచాం.

బతూమీలో పదకొండు హోటళ్లు నాకోసం చూస్తున్నాయి.
ప్రతి హాల్లో ఒక నల్ల పియానో,
వాయించేవాళ్లు లేకపోయినా
దాని చెవులు మెలిపెట్టే సముద్రం ఉంది.
తేమకి కర్ర ఉబ్బుతుంది, తీగ తుప్పుపడుతుంది.
"తేమని తిట్టకు దారో, అదే మన రొట్టె"
అనేవాడు నాకు పని నేర్పిన ఎల్గుజా.

మరి బాద్రీ రొట్టె?
పంతొమ్మిదేళ్లుగా మండే పొయ్యి గోడకి
పిండి చరిచి చరిచి
మోచేతి దాకా వెంట్రుక మొలవని చెయ్యి అది.
మా జున్ను రొట్టె గుండ్రం.
వాళ్లది పడవలా ఉంటుంది, నడుమ గుడ్డు పచ్చసొన.
"నలభై ఒకటో ఏట పడవలు చేయడం నేర్చుకోనా?"
అడిగింది నన్నో, తన చేతినో.

ఎతెరి ఫోను చేసింది అక్కణ్ణుంచి.
మంగళవారం ఆరేసిన దుప్పటి
ఆదివారం మళ్లీ పిండాల్సి వచ్చిందట.
ఎంత చెట్టుకి అంత గాలి అంటారు,
మా కుతాయిసీ గాలి చెట్టుని చూసి వీయదు,
తడిబట్టని గంటలో అప్పడం చేసి ఇస్తుంది.
అక్కడ అన్నీ మెల్లగా తడుస్తాయి.
ఒక్క ఖర్చే
త్వరగా తడిసి మోపెడవుతుంది.

నాలుగేళ్ల యోసెబ్‌కి బతూమీ అంటే రైలు పేరు.
ఎక్కుతాం, దిగం, అంతే వాడి లెక్క.

టెక్లే పడుకుందనుకున్నాం.
తలుపు సందులోంచి అడిగింది,
"సముద్రం కనపడే కిటికీ ఎంత?"
బాద్రీ కాగితం తిప్పి చూశాడు.
"ఇంకో మూడువందలు."
"మరి వినపడేది?"

ఆ ధర ఎవరినీ అడగలేదు మేం.
మూడో గడిలో మొదటిసారి అక్షరాలు పడ్డాయి:
వినపడేది – కనుక్కోవాలి.

పొద్దుపోయాక మా పియానో మూత ఎత్తాను.
నడిమి స్వరం ఒకటి
వెంట్రుకవాసి కిందికి దిగి ఉంది.
తాళంచెవి దాకా చెయ్యి వెళ్లి ఆగింది.
ఇప్పుడు బిగించి ఏం లాభం, కదిలిస్తే?
కదిలించకపోతే
రేపటిదాకా ఎందుకు ఆగాలి?

"ఏమైంది?" అన్నాడు బాద్రీ.
"చోటు మారిన పియానోని
దిగీ దిగగానే ముట్టుకోకూడదు.
కొత్త గది గాలి కర్రలోకి ఎక్కాలి."
"ఎన్నాళ్లు?"
"మూడు వారాలు."

పెన్ను మూత మళ్లీ తీశాడు.
పదహారు వందలని నాలుగు భాగాలు చేసి
మూడు భాగాలు పక్కన పెట్టి,
శ్రుతి లేని రోజుల అద్దె పన్నెండు వందలు, అని రాశాడు.

కింద, మొత్తం వేసే చోట,
గీత మాత్రం గీయలేదు.