రోజుకో మిల్లీమీటరు

ఇక్కడ సర్జన్‌ని డాక్టర్ అనకూడదట.
మిస్ డన్ అనాలి.
గోళ్ళు మరీ పొట్టిగా కత్తిరించుకుని ఉంది,
ముందు అవే చూశాను.

"కనుబొమలు ఎత్తండి."
ఎత్తాను. ఒకటే లేచింది.
"బుగ్గలు పూరించండి."
ఎడమ మూల నుంచి గాలి జారిపోయింది,
నీళ్ళలో ముంచిన పంక్చరు ట్యూబులా.
"పళ్ళు చూపించండి."
సంతలో ఎద్దుని కదా ఇలా చూస్తారనుకుంటే నవ్వొచ్చింది.
సగం దూరం వచ్చి ఆగింది.

తెర మీద నా తల అడ్డకోత.
చెవి వెనక ఎముక సొరంగంలో ముఖపు నరం,
దారానికి పడ్డ ముడుల్లా దాని మీద మూడు గడ్డలు.
వినికిడి నరం మీద ఇంకొకటి. అవతలి చెవిలోనూ ఒకటి.
ఇరవైరెండో క్రోమోజోములో అచ్చుతప్పు.

నాన్నకి ముప్ఫై ఎనిమిదేళ్ళకే చెవుడొస్తే
జూట్ మిల్లు చప్పుడన్నారు.
నాయనమ్మ మూతి పక్కకి పోతే
గాలి సోకిందన్నారు.
ఇద్దరి రోగానికీ
మాంచెస్టర్‌లో ఒక వాన మంగళవారం
పేరు పెట్టాం, వాళ్ళు పోయాక.

ట్రాముల్లో మర్చిపోయిన వస్తువుల ఆఫీసులో నా ఉద్యోగం.
గొడుగులు, పళ్ళసెట్లు, పిల్లల వయొలిన్ ఒకటి,
లెక్కలేనన్ని ఒంటి గ్లౌజులు.
జతలో ఒకటి పోవడం
నాకు కొత్తేం కాదు.

"ఒలిచి చూస్తాను. నరం మిగిలితే సరే.
మిగలకపోతే కోసేసి
మీ పిక్కలోంచి ఇంకో నరం తీసి అతుకుతాను.
లేదా ముఖం కోసం కొంచెం గడ్డ వదిలేయమంటారా?"
ఎంత వదలాలో నేనేం చెప్పను,
కూరగాయల బేరమా?
కాగితం మీద సంతకం పెట్టాను.

తొమ్మిది గంటలు.
నరాన్ని తాకినప్పుడల్లా ఒక పెట్టె టిక్కుమంటుందట.
ఆరో గంటలో ఆ పెట్టె మూగబోయిందట.
ఈ మాట నాకు పర్ణిక చెప్పింది,
కాగితం మీద రాసి.

ఎడమ కన్ను మూతపడదు.
రెప్పలో చిన్న బంగారు రేకు కుట్టారు,
గ్రాము పైచిలుకు,
తాకట్టు పెట్టడానికి పనికిరాని బంగారం.
దాని బరువుకే నాకు నిద్ర.

పెదవి అనడానికి పెదవి కావాలి.
పప్పు ఫఫ్ఫు అయింది.
కూతుర్ని ఫర్ణికా అని పిలిచాను.
పదిహేనేళ్ళుగా తన పేరు అదే అయినట్టు
ఊఁ అంది.

అతికిన నరం రోజుకో మిల్లీమీటరు పెరుగుతుందట,
అన్నీ కుదిరితే.
పర్ణిక జామెట్రీ బాక్సులోంచి స్కేలు తీసి
చెవి వెనక నుంచి పెదవి మూల దాకా కొలిచింది.
నూట పన్నెండు. "అంటే ఏప్రిల్‌కి."
మిస్ డన్ ఏడాది అంటుంది,
అప్పుడైనా పాత నవ్వు రాదంటుంది.
పర్ణిక లెక్క పర్ణికది.

ఎడమ పాదం అంచున స్పర్శ లేదు.
సాక్సు వేసుకున్నానో లేదో వంగి చూసుకోవాలి.
అక్కడి నరమే ఇప్పుడు నా చెంపలో నడుస్తోంది.
మెట్లెక్కినది, బస్సు వెంట పరిగెత్తినది,
ప్రసవం నొప్పుల్లో మంచం కోడుని తన్నినది.
నవ్వడం మాత్రం ఎప్పుడూ చేసింది కాదు.
నేర్చుకోనీ.

గురువారం పదకొండున్నరకి జెనెటిక్స్ క్లినిక్.
ఈసారి రక్తం పర్ణికది.
అవునో కాదో, సగానికి సగం.
నాణెం ఎగరేసినట్టు అని ఎవరో అన్నారు,
ఆ మనిషికి పిల్లలు లేరేమో.
అక్కడ ఏం విన్నా
ఏ ముఖం పెట్టుకోవాలో
స్నానాలగది అద్దంలో సాధన చేస్తున్నాను,
ఉన్న సగంతో.

ఎప్పుడూ నా కుడివైపే కూర్చునేది,
వినిపించే వైపు, కదిలే వైపు.
ఇవాళ ట్రాములో చోటున్నా
ఎడమవైపుకి వచ్చి కూర్చుంది.
ఏదో అంది. వినిపించలేదు.
తల ఊపాను.