కొంచెం అంటే ఎంత

ట్రైనింగులో మాకు చెప్పారు:
కళ్ళతో చూసింది రాయకండి,
వాళ్ళ నోటితో అన్నది రాయండి.
వికలాంగులన్న మాట ఎత్తకండి.
ప్రశ్న ఎలా ఉంటే అలా చదవండి,
విడమరచకండి.

ఇబ్బంది లేదు. కొంచెం ఇబ్బంది.
చాలా ఇబ్బంది. అసలు చేయలేను.
నాలుగు గడులు.
మనిషి ఏదో ఒకదాంట్లో పట్టాలి.
కొంచెం అంటే ఎంతండీ అని వెనక బెంచీ నుంచి ఎవరో అడిగితే
సారు నవ్వి టీకి వదిలారు.

నెల్లిమర్ల. గోనె మిల్లు వెనక లైను.
రేకులు చిటపటమనే ఎండ.
మొదటి గడప అసిరయ్యది,
ముప్ఫై ఒక్కేళ్ళు మగ్గాల సెక్షను.
'వినడంలో మీకేమైనా ఇబ్బంది ఉందా?'
రెండుసార్లు చదివాను.
మూడోసారి ఆయన భార్య నా ప్రశ్నని అందుకుని
నూతిలోకి చేద వదిలినట్టు
ఆయన చెవిలోకి విసిరింది.
కాసేపటికి జవాబు పైకొచ్చింది:
'నాకేటి ఇబ్బంది? నేదు.'

ఒకటో గడి.
ట్యాబు పచ్చగా వెలిగింది, నమ్మేసినట్టు.

అబద్ధమని ఎలా అనను?
ఈ లైనులో అందరూ అరిచే మాట్లాడతారు.
చేబదులు ఉప్పు అడిగినా అరుపే,
గుట్టు చెప్పుకున్నా అరుపే.
ఏడాది నిండని పసిగుంట కూడా
అమ్మా అనడం ఆ గొంతుతోనే నేర్చింది.
అందరూ మెడదాకా నిలబడిన చోట
నీళ్ళ లోతు ఎవర్ని అడిగేది?

తౌడమ్మని నడక గురించి అడిగాను.
'మంచం కాడ్నించి పొయ్యి కాడికి,
పొయ్యి కాడ్నించి మంచం కాడికి.
బానే నడుస్తాను.'
చంపావతి గట్టుకి ఎప్పుడెళ్ళారమ్మా?
అది ప్రశ్నలో లేదు, నోరు జారింది.
'ఎల్నేదు. ఏటికెల్లాల?'
వెళ్ళాలనుకోని చోటికి
దూరం ఉండదు కదా.
ఒకటో గడి.

ఎదురింటి కుసుమ జాకెట్లు కుడుతుంది.
కళ్ళజోడు కొంగుతో తుడిచి పెట్టుకుని
'చాలా ఇబ్బందండీ' అంది,
'నల్లగుడ్డ మీద నల్లదారం, రాత్రిపూట.'
మూడో గడి.
పక్కనే వాళ్ళ మామ్మ,
రెండు కళ్ళలోనూ పాలమీగడ.
ఆవిడకి ఏ ఇబ్బందీ లేదు.
బియ్యంలో రాళ్ళు కోడలు ఏరుతుంది,
బయట ఎండో వానో కాకి చెబుతుంది.

రేపు నగరంలో ఎవరో
ఈ వీధిని ఒక శాతంగా చదువుతారు.
అందులో సూది ఎక్కించే పిల్లకి చూపు ఉండదు,
మామ్మకి ఉంటుంది.

లైను చివర దాలయ్య
నా మెడలో కార్డు చూసి 'పింఛనికా?' అన్నాడు.
కాదు, లెక్కకి.
'అయితే ఏటీ నేదు, రాస్కో.'
కుడిచేతిని తువ్వాలు కింద దాచుకున్నాడు.
మెట్టు దిగాక మళ్ళీ పిలిచాడు.
'సదరం కేంపులో ముప్పై ఎనిమిది ఏసినారు.
నలభై ఉంటేనంట.
ఆ రెండూ ఏ ఏలులో ఉండిపోనాయో,
మిల్లులోనే ఎతుక్కోవాల.'

నేను ఆఖరి ప్రశ్న చదివాను:
స్నానం చేయడంలో, బట్టలు వేసుకోవడంలో.
ఆయన లోపలికి ఓసారి చూశాడు,
గొంతు తగ్గించాడు.
ఆ లైనులో తగ్గిన గొంతు
ఆ పూటకి అదొక్కటే.
'బొత్తాలు మా ఆడది పెడతాది.
దాన్ని ఇబ్బందంటారా, కాపరమంటారా?'

వేలు గడుల మీద ఆడించాను,
ఒకటి, రెండు, మళ్ళీ ఒకటి.
తేల్చుకునేలోపు తెర దానంతటదే ఆరిపోయింది.
గమనిక రాసే చోటు ఉంది,
నలభై అక్షరాలు పడతాయి.
బొత్తాలు అని రాసి చెరిపేశాను.

చీకటి పడ్డాక ఇల్లు చేరాను.
అన్నం వడ్డించనా అంటే
మా చిన్నది చెవులు మూసుకుంది.
ఎందుకమ్మా అలా అరుస్తావు?

నేనెక్కడ అరిచానే, అన్నాను,
ఇంకాస్త గట్టిగా.