గ్లౌజు ఎప్పుడు తీశావు

మంగళవారం రాత్రి ఏడున్నర.
గ్రిమ్స్‌బీ రేవులో చేపల ఫ్యాక్టరీ క్యాంటీన్.
ఎంత తుడిచినా బల్లలకి కాడ్ వాసన పోదు.
వాటి మీదే నా ఇంగ్లీషు పాఠం.

బోర్డు మీద పొడుగాటి గీత గీశాను:
సాగుతున్న పని.
గీత మధ్యలో చుక్క పెట్టాను:
ఠక్కున జరిగిపోయిన పని.
"ఐ వాజ్ కటింగ్" గీత.
"ద నైఫ్ స్లిప్డ్" చుక్క.

వెనక బల్ల దగ్గర వైదోతాస్
తన ఎడమచేతిని తిప్పి చూసుకున్నాడు.
చూపుడువేలు సగంలో ఆగిపోయింది అక్కడ.
గీత మీద చుక్క పడడమంటే ఏమిటో
ఆ గదిలో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు.

క్లాసయ్యాక మడతలు నలిగిన కాగితం తెచ్చాడు.
ప్రమాదం గురించి ఆఫీసుకి రాసిచ్చిన వాంగ్మూలం, నకలు.
డిక్షనరీ పక్కన పెట్టుకుని రాత్రంతా రాశాడట.
పెద్ద వ్యాకరణం వాడితే
మర్యాదగా ఉంటుందనుకున్నాడట.

"వెన్ ద నైఫ్ స్లిప్డ్,
ఐ హ్యాడ్ టేకెన్ ఆఫ్ మై గ్లవ్."

రెండుసార్లు చదివాను.
ఎక్కడా తప్పు లేదు. పదికి పది వెయ్యొచ్చు.

"గ్లౌజు ఎప్పుడు తీశావు?"
"తర్వాతే టీచర్. నెత్తురు చూశాక.
తెగిన ముక్క లోపలే ఉండిపోయింది కదా,
తియ్యకపోతే ఎలా?"

తీశాను అనాల్సిన చోట
అప్పటికే తీసేసి ఉన్నాను అన్నాడు.
హ్యాడ్. ఆవలించేంతసేపు కూడా పట్టని మాట.
అది గ్లౌజుని కత్తికంటే ముందుకి జరిపింది.
తప్పుని మిషను దగ్గర్నుంచి ఎత్తి
ఇతని ఒళ్ళో పెట్టింది.
కంపెనీ జవాబు కూడా జేబులోనే ఉంది:
మీరే ఒప్పుకున్నారు కనక.

మార్చిలో ఆ పాఠం చెప్పింది నేనే.
భూతకాలానికి వెనక ఇంకో భూతకాలం,
ఇంటి వెనక పెరటిగది లాంటిదని.
ఇతని నోట్సు మీద నక్షత్రం స్టిక్కరు కూడా అంటించాను.

పదకొండు దాకా కూచుని మళ్ళీ రాశాం.
టుక్, టుక్, టుక్.
చిన్నపిల్లల ఇంగ్లీషులా ఉందని
వైదోతాస్ మొహం ముడుచుకున్నాడు.
కాపలా అతను వచ్చి సగం లైట్లు ఆర్పేసి వెళ్ళాడు.

మూడు వారాలైంది.
"ఏమైనా తెలిసిందా?" అని అడిగాను ఇవాళ
హాజరు పిలుస్తూ.
"ఐ వెయిట్," అన్నాడు.

దిద్దాలి నిజానికి.
ఎప్పట్నుంచో మొదలై ఇంకా తెగని పనికి
ఇంగ్లీషులో వేరే పొడుగాటి రూపం ఉంది.
తర్వాతి పేరు పిలిచాను.