గొట్టం మీద గరిట

కొత్త పొయ్యి పెట్టించిన రోజు
కరిముల్లా చెప్పింది సగమే విన్నాను.
మిగతా సగం బిల్లు చూడ్డంలో పోయింది.
పద్నాలుగు అడుగుల గొట్టం, మెడ దగ్గర తిప్పుడు రేకు,
పైన వాన పడకుండా టోపీ,
గోడ దాటే చోట జానెడు ఖాళీ, చుట్టూ ఇటుక.
"ఈ జానెట్లో ఏమీ పెట్టమాకండమ్మా" అన్నాడు.
నెల తిరక్కుండా అక్కడ అప్పడాల డబ్బా పెట్టాను.

కొత్తపేటలో ఆసుపత్రుల సందు మాది.
మెస్సుకి వచ్చేదంతా రోగుల తాలూకు వాళ్లే.
ఫ్లాస్కుల్లో వేణ్ణీళ్లు, క్యారేజీల్లో చారన్నం.
"కట్టెల పొయ్యి మీద వంట" అని బోర్డు రాయించా.
గ్యాసు బండ రేటు సంగతి బోర్డులో రాయించలేదు.

పోతురాజు ట్రాక్టరుతో సుబాబుల్ దించేవాడు.
ఎండిందేనా అంటే
"ఎండకేం కరువక్కా, గుంటూర్లో" అనేవాడు.
పొయ్యిలో పెడితే కట్టె చివర నురగ కక్కేది,
ముక్కు కారే పిల్లాడిలా సుయ్యిమని ఏడ్చేది.
నేనేమో ఆదా అవుద్దని
రాత్రిళ్లు రేకు మూసి, గాలి కన్నం మూసి,
నిప్పుని తెల్లారేదాకా కునుకు తీయించేదాన్ని.
ఆ ఆదా అంతా గొట్టం లోపల
పొర మీద పొరగా పేరుకుంటోందని ఎవరికి తెలుసు?
కరిముల్లాకి తెలుసు. నాకు చెప్పాడు కూడా.

మార్గశిరంలో ఒక రాత్రి
ఆఖరి బంతి మజ్జిగ పోసుకుంటుంటే
రైలు చప్పుడు.
తెనాలి బండి అనుకున్నా.
"అది ఎప్పుడో పోయింది కదా పిన్నీ" అన్నాడు ఏసుబాబు.
అప్పుడు చూశాం.
రైలు మా గొట్టంలో ఉంది.
మెడ దగ్గర రేకు దానిమ్మ గింజ రంగు.
టోపీ సందుల్లోంచి నిప్పులు
ఎదురు స్కానింగ్ సెంటర్ బోర్డు మీద రాలుతున్నాయి.

ఏసుబాబు బిందె ఎత్తాడు.
"నీళ్లొద్దురా, రేకు పగులుద్ది!"
అరిచింది నేనే, మాట మాత్రం కరిముల్లాది.
వినలేదనుకున్న సగం
ఇన్నాళ్లూ ఏ మూల దాక్కుందో.
పొయ్యి తలుపు బిగించా. గాలి కన్నం మూశా.
అప్పడాల డబ్బా లాగి వీధిలోకి విసిరా.
చేతుల్లో విస్తళ్లతో జనం రోడ్డు మీద.
ఒకామె మాత్రం పైకి కూడా చూళ్లేదు.
కూతురికి ఆపరేషనంట, నిన్నటి నించీ మెతుకు ముట్టలేదంట.
నడివీధిలో నిలబడి తింటూనే ఉంది.
ఫైరింజను వచ్చేసరికి
రైలు వెళ్లిపోయింది.

తెల్లారి కరిముల్లా వచ్చాడు.
తిట్టలేదు. తిడితే బాగుండేది.
పైకెక్కి, తీగ బ్రష్షుకి గొలుసు కట్టి
గొట్టంలోకి దించి ఆడించాడు.
గంపెడు రాలింది, నల్లగా,
గాజు పెంకుల్లా మెరుస్తూ, తారు కంపు కొడుతూ.
"మీ కట్టెలు ఏడ్చిన ఏడుపమ్మా ఇదంతా" అన్నాడు.

ఇప్పుడు కట్టెలు ఏడాది ముందే కొని ఆరబెడుతున్నా.
చివర్లు నెర్రెలు విచ్చాలి,
రెండు ముక్కలు కొడితే ఠణ్‌మనాలి.
"పెళ్లిచూపులా ఏందక్కా" అని పోతురాజు గొణుగుతాడు.
గొణగనీ.
పొద్దున్నే కాసేపు రేకు తెరిచి
మంటని దాని ఇష్టానికి మండనిస్తా.
సోమవారం సోమవారం పొయ్యి చల్లారాక
గరిటతో గొట్టం మీద కొట్టి చెవి పెడతా,
కుండ బేరమాడినట్టు.
ఖంగుమంటే సరే.
గొంతు పూడినట్టుంటే ఏసుబాబు నిచ్చెన తెస్తాడు.
ఆ జానెడు మాత్రం ఖాళీ.
అక్కడికి అగ్గిపెట్టె కూడా పోదు.

కరిముల్లా ఇప్పుడు పిడుగురాళ్ల వైపు పనిలో ఉన్నాడు.
ఎప్పుడన్నా ఫోను చేస్తాడు. బాగున్నారా అనడు.
"పొగ ఏ రంగు?"
నేను గరిట పట్టుకునే వీధిలోకి వెళ్లి
తలెత్తి చూస్తా,
బోర్డు పైన, కరెంటు తీగల పైన, కాకి పైన.
"కనపడట్లేదయ్యా."
"సరే, ఉంటా" అని పెట్టేస్తాడు.