పోనాది

రాత్రి గిన్నెలు కడిగిన నీళ్ళు
తెల్లారినా సింకులోనే ఉన్నాయి,
ఇల్లు ఖాళీ చెయ్యమంటే చెయ్యని అద్దెవాళ్ళలా.
పైన ఓ కరివేపాకు తేలుతోంది.
నూనె చుక్కలో ఏడు రంగులూ ఉన్నాయి గానీ
ఆ అందాన్ని వరాలు ఒప్పుకోదు.
కేజీహెచ్‌లో నైట్ డ్యూటీ దిగి
ఆమె వచ్చేలోపు తేల్చాలి.

ప్లంబరు దాలినాయుడికి ఫోన్ చేశాను.
"ఆదోరం కదండీ, అనకాపల్లిలో పెళ్ళికొచ్చినాను.
కంగారైతే సోడా ఎయ్యండి."
ఎంత వెయ్యాలో చెప్పేలోపు బాజాలు మోగాయి.

వంట సోడా ఆవాల డబ్బా వెనక దొరికింది,
సగం గడ్డకట్టి.
వెనిగర్ లేదు.
ఈ ఇంట్లో పులుపంటే
నిమ్మకాయ, చింతపండు,
కింద వాటా ఫిలోమినమ్మ మొహం.

నిలవ నీళ్ళు తోడకుండా సోడా వెయ్యడం
సముద్రంలో ఉప్పు కలపడమే.
ఈ జ్ఞానం నాకు
మొదటి ప్యాకెట్టు కరిగిపోయాక వచ్చింది.

మగ్గుతో అడుగుదాకా తోడి
రెండో ప్యాకెట్టు జాలీ కన్నాల్లో వేలితో కూరి
ఆరు నిమ్మకాయలు పిండాను.
బుస్సుమంది.
టగ్గు బోటు వెనక లేచే తెల్లగీతలా
నురగ పైకొచ్చింది.
తడిగుడ్డ కప్పి పావుగంట కూర్చున్నాను.
ఓడ పొట్టలోంచి రోజూ
వేల టన్నుల బొగ్గు తోడే క్రేను ఆపరేటర్ని,
గుప్పెడు మురికి ముందు
స్టూలు మీద, గడియారం చూసుకుంటూ.

తర్వాత వేణ్ణీళ్ళు.
మరిగేవి కాదు, పైపు ప్లాస్టిక్కుది;
వేలు పెట్టి చటుక్కున తీసుకునేంత వేడి.
ఒక్కసారి "గుళుక్" అంది.
అంతే, మళ్ళీ మౌనం.

బకెట్టు పెట్టి, సింకు కిందికి దూరి,
పైపు మెడవంపు విప్పాను.
వంజరం పొలుసులు, చింతపండు పీచు,
వరాలు వెంట్రుక ఒకటి, ఎంతకీ తెగనిది,
వీటన్నిటినీ కలిపి పట్టుకున్న నల్లటి జిగురు.
వేళ్ళ మధ్య రాస్తే గరగరలాడింది.
ఆ గరుకు నాకు తెలుసు.
షిఫ్టు దిగి వచ్చి ఇక్కడే కదా
మొహం, మోచేతులూ కడుక్కుంటాను.
పదకొండేళ్ళుగా రేవుని
కొంచెం కొంచెంగా ఇంటికి మోసుకొచ్చి
ఈ గొంతులో పోస్తున్నాను.

వంపు బిగించి కుళాయి తిప్పితే
నీళ్ళు దిగినట్టే దిగి మళ్ళీ ఆగాయి.
అడ్డు ఇంకా కిందెక్కడో ఉంది.

అప్పుడు తలుపు చప్పుడు.
ఫిలోమినమ్మ మనవరాలు షారోన్,
చేతిలో కర్రకి తొడిగిన రబ్బరు గిన్నె.
"మా అమ్మమ్మ ఇమ్మంది.
మీతో మాట్లాడనని కూడా చెప్పమంది."

మోటారు బిల్లు దగ్గర,
రెండు వందల నలభై రూపాయల దగ్గర
ఆగిపోయిన మాటలు.
ఎనిమిది నెలలు.

రబ్బరు గిన్నె మునిగేదాకా నీళ్ళు నింపి
పక్క కన్నానికి తడిగుడ్డ కుక్కి నొక్కాను.
నాలుగోసారికి, పైపులోంచి గొంతు:
"ఏటి బాబూ, అలా కాదు! ఆగి ఆగి కొట్టు.
మా వరండా మలుపు కాడ మూత తీసినాను,
తీగకేదో తగిల్తంది."

ఆగి కొట్టాను.
"ఇంకోటి!"
కొట్టాను.
"గట్టిగా! తిన్లేదేటి?"
తిన్లేదని పైపులోకే చెప్పాను.
చర్చిలో రెండో పూజకి గంట కొడుతోంది.
ఆవిడ కదిలిన అలికిడి లేదు.

ఉన్నట్టుండి సింకు
పెద్ద గుటక వేసింది.
సుడి తిరిగి, కరివేపాకుతో సహా
అంతా మాయం.
"పోనాది!" అని కింద కేక.
"పోయింది!" అని పైన నేను.

చీపురు పట్టుకుని కిందికెళ్ళేసరికి
వరండా నిండా నా బొగ్గు.
పూజకని కట్టుకున్న తెల్లచీర కుచ్చిళ్ళు నల్లబడి
ఆవిడ, చేతిలో హ్యాంగరు తీగ.
నేను కడుగుతుంటే నీళ్ళు పోసింది.
బిల్లు ఊసు ఎవరం ఎత్తలేదు.
"నిమ్మకాయలేసినావా," అంది కాసేపటికి,
"మా వరండా అంతా వాసనొస్తంది."

వరాలు వచ్చింది.
చెప్పులు విడిచి, కుళాయి తిప్పి,
చేతులు కడుక్కుని వెళ్ళి పడుకుంది.
నీళ్ళు ఎటు పోయాయో
చూడనే లేదు.