ఆరు పావుల దాకా

ఒంగోలులో పాత సామాన్ల అంగట్లో కొన్న డిస్కు.
నూటయాభై జీబీ నింపడానికి
పదకొండు రాత్రులు పట్టింది.
మార్కాపురంలో కరెంటు ఎప్పుడు పోతుందో
దాంట్లో రాసి లేదు.
రాజులిద్దరితో కలిపి ఆరు పావులే మిగిలితే మాత్రం
ఏది గెలుపు, ఏది ఓటమి, ఏది సమానం
అంతా రాసే ఉంది.

ఎట్టా రాశారంటే,
ఆటకట్టు దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడిచారు.
చిక్కిన రాజు అంతకు ముందు ఎక్కడున్నాడు,
దానికి ముందు, ఆ ముందుకీ ముందు.
పలకరాయికి ఉలి పెట్టి పొర విప్పినట్టు
ఒక్కో పొర.
ముప్పై ఏళ్ళు పొరలు విప్పిన కాశింపీరాకి
అట్టా చెబితేనే ఎక్కింది.
"అంటే చావు కాణ్ణించి పుటక దాకా లెక్కేశారా?"
"పుటక దాకా కాదు పీరా, ఆరు పావుల దాకా."
"అదే గదబ్బా, ముసిలితనం దాకా."

మాది రాతి బల్ల.
అంచు చెక్కుపోయి ఫ్యాక్టరీ పారేసిన బండ మీద
మేకుతో గీసిన అరవై నాలుగు గళ్ళు.
నల్లగళ్ళకు రంగు అక్కర్లేకపోయింది,
తెల్లగళ్ళకే సున్నం.

జూన్ ఉక్కలో పీరా
బనీను మీద కంప్యూటరు ముందు కూర్చున్నాడు.
ఎనిమిది పావులున్నంతసేపూ
లోపల ఫ్యాను గుయ్యిమని తిరుగుతూనే ఉంది,
తొక్కని దారి లేనట్టు, తొక్కీ తొక్కీ వగర్చినట్టు.
పీరా శకటుని కొట్టాడు.
అది గుర్రాన్ని కొట్టింది.
ఆరు.

ఫ్యాను ఆగింది.

పీరా తలెత్తాడు. "కరెంటు పోయిందా?"
పోలేదు.
వెతకడం అయిపోయింది,
ఇక చదవడమే.

తర్వాత అది చేసిన పనికి పీరాకి ఒళ్ళు మండింది.
బంగారం లాంటి ఏనుగుని
ఊరికే ఇచ్చేసింది.
పన్నెండు ఎత్తుల్లో గెలిచినా నలభై ఎత్తుల్లో గెలిచినా
దానికి అది గెలుపే.
తొందర లేదు, సిగ్గు లేదు,
పక్కనోళ్ళు ఏమనుకుంటారోనన్న బెంగ లేదు.
"గెలిచేవాడు ఇట్టా గెలవకూడదు" అన్నాడు పీరా
ఓడిపోతూ.

ఆ రాత్రి రెండు ఇంజన్లకు పోటీ పెట్టాను.
ఒకదానికి డిస్కు ఇచ్చాను, ఒకదానికి ఇవ్వలేదు.
డిస్కు లేనిది ఒక శకటునీ, ఒక అంచు బంటునీ చూసుకుని
నాలుగున్నర బంట్లు పైచేయని మురిసింది.
బంటు చేరాల్సిన మూలగడి నలుపు.
శకటు నడిచేది తెల్లగళ్ళ మీద.
ఆ మూలలో దూరిన రాజుని
బ్రహ్మదేవుడు దిగొచ్చినా లేపలేడు.
డిస్కు ఉన్నది
బల్ల మీద పది పావులున్నప్పుడే ఆ మూలని చూసింది.
గుర్రాన్ని ఒక్క బంటుకి వదిలేసి మరీ
అక్కడికి పరిగెత్తింది.
రెండోది యాభై ఎత్తులు గానుగెద్దులా తిరిగింది
మెడలో ఆ నాలుగున్నర వేలాడుతుండగా.

తెల్లారి చెబితే పీరా తేలిగ్గా తీసేశాడు.
"ఆ మూల సంగతి నాకు
బలపం పట్టినప్పటి నుంచీ తెలుసు.
దానికి డిస్కెందుకు?"

ఆదివారం మా ఇద్దరి ఆట.
నాకు ఏనుగు, రెండు బంట్లు. అతనికి ఏనుగు.
గంటన్నర తడుముకుని సమానమన్నాం.
మనసాగక తీసుకెళ్ళి డిస్కుని అడిగాను.
గెలుపుని మూడుసార్లు నేను పారేసుకున్నానంట,
రెండుసార్లు పీరా ఏరి తెచ్చి
నా చేతిలో పెట్టాడంట.

"చూడు పీరా, ఇక్కడ నువ్వు ఓడిపోయావు."
కళ్ళద్దాలు లుంగీకి తుడుచుకుని
తెర మీదికి వంగాడు.
"ఎప్పుడు?"
"ఆరు పావులు మిగలంగానే."
"మరి నాకెవురు చెప్పారబ్బా?"

లెక్కల పలక మీద
చెరో అర గీశాడు.
సున్నం రేగిన గళ్ళ మీద మళ్ళీ పేర్చాం,
ముప్పై రెండూ.
మొదటి బంటు మీద అతని వేలుండగానే
కరెంటు పోయింది.
ఇద్దరం లేవలేదు.