నూటపన్నెండో నంబరు

మందస కొండ మీద
గుగ్గిలం కొట్టిన మోడు చుట్టూ
మోకాళ్ల మీద పాకుతూ మొలకల్ని లెక్కపెట్టాను.
తీగలు ముందే కోసి, తాడు కట్టి
పల్లం వైపే ఒరగనిచ్చిన చెట్టు.
పిల్లచెట్లకి గీత కూడా పడలేదు.

ల్యాప్‌టాప్‌లో అడవి గబగబా పెరిగింది.
నలభయ్యొక్క ఏళ్లకి
పైన ఆకాశం మూసుకుంటుందట.
నూటపన్నెండుకి ఢోకా లేదట.

"అది పోద్దండి. మొదట్లో చెదుంది"
అన్నాడు సవర జమ్మయ్య, టేపు చుట్టేస్తూ.

తుపాను వెళ్లాక మళ్లీ వచ్చాను.
రేకుబిళ్ల అదే, మొక్క వేరు.
"నంబరు ఖాళీగా ఉంటే బాగోదు కదాని
పక్క పిలకకి కట్టీసానండి."

దిద్దాలి.
పెన్ను మూత తీసి
వాన వెలిసేదాకా కూచున్నాను.

పిలక చుట్టుకొలత
రెండుంబావు సెంటీమీటర్లు.